అడ్డగీత లేని అక్షరాలు

మూడు లాంతర్ల దగ్గర కొత్త జిమ్ము.
వీధివైపు మూడంతస్తుల గోడ.
హేమసుందర్ ఫోను నా ముఖం మీదికి పెట్టాడు:
చెట్టుకి వేలాడుతున్న ఒంటికన్ను దేవుడు,
డొక్కలో బల్లెం, భుజాలకి రెండు కాకులు.
"ఓడిన్, మాస్టారూ."
"ఓడినది ఎవరు బాబూ?" అన్నాను.
ఫ్లెక్సీలు వచ్చాక ఆ మాట
ఎవరన్నా నన్నే పిలిచినట్టుంటుంది.

చుట్టూ రాయాల్సిన లిపి కాగితం మీద ఇచ్చాడు.
ఇరవైనాలుగు. ఒక్కదానికీ కడుపు లేదు.
సున్నా లేదు, గుడి లేదు, తలకట్టు లేదు,
అడ్డగీత కూడా లేదు.
కర్ర మీద చెక్కే రాతట,
అడ్డంగా గీస్తే నారలో కలిసిపోతుందట.
మనవాళ్ళేమో తాటాకు చిరుగుతుందని
అక్షరాన్ని జంతికలా తిప్పుకున్నారు.
నలభై ఏళ్ళుగా నా మణికట్టు జంతికల గొట్టం.
జనపనార మిల్లు గేటు,
"ఇచ్చట సైకిళ్ళు అద్దెకు ఇవ్వబడును",
అన్నీ దాంట్లోంచి వచ్చినవే.

మొదటి అక్షరం పశువు. రెండు కొమ్ములు పైకి.
నిచ్చెన పట్టుకున్న చిన్నప్పన్న
"పాడిదేటి, వొట్టిపోయిందా?" అన్నాడు.
ఇంకోటి ఒట్టి నిలువు గీత. మంచు అని రాసుంది.
నాకు తెలిసిన మంచు
చింతపల్లి రేవుకి లారీలో వెళ్ళే దిమ్మ,
ఒళ్ళంతా ఊక, దారంతా చెమ్మ.
గీత చివర ఒక చుక్క కారనిచ్చాను.
ఆఖరిది తాతల నేల.
అది గీస్తుంటే చిన్నప్పన్న నిచ్చెన వదిలేసి
బీడీకని వెళ్ళాడు.
ముప్పై సెంట్లు. కాలవలో పోయింది.

ఆ దేశపు చెట్టు నేనెన్నడూ చూడలేదు.
రెండు రోజులు కొమ్మ కుదరలేదు.
మూడోనాడు కుంచె చింతమాను వేసేసింది,
మొదలు లావు, చివర సన్నం,
ఆకాశంలోకి ఎక్కుపెట్టిన ఒంపు.
చివరన అలవాటుగా పీట వేశాను,
దేవుణ్ణి కూర్చోబెట్టాను.

"కూర్చోకూడదు మాస్టారూ, వేలాడాలి!
తొమ్మిది రాత్రులు, తిండీ నీళ్ళూ లేకుండా,
తనకి తనే బలి.
అప్పుడు గాని కింద అక్షరాలు కనబడలేదు."
"అచ్చరాల కోసరమా? ఓలమ్మ!
మా మేస్టారు నాకు కోదండమేస్తే
ఒక్కటీ రానేదు."

పీట చెరిపేశాను. తాడు వేశాను.
మాను మాత్రం ఉంచాను.

ఒక కన్ను బావికిచ్చి గుక్కెడు నీళ్ళు తాగాడట.
నా కుడికంటికి శుక్లం.
ఆ కంటితో చూస్తే గోడంతా పాలమీగడ.
ఏ బావికిచ్చానో, ఏం తాగానో.
టర్పెంటైన్ వాసన తప్ప గుర్తు లేదు.

మూలన నా పేరు వాళ్ళ లిపిలోనే రాద్దామని చూశాను.
ఇరవైనాలుగింటిలో ళ లేదు.
యాళ్ళ పోలినాయుణ్ణి,
యాల పోలినాయుడంటే మా తాత పలకడు.
చిన్న కుంచె తీసి
ఊపిరి బిగబట్టి, చెయ్యెత్తకుండా
ళ, దాని కింద ఇంకో ళ.

మంగళవారం సిరిమాను తిరిగింది.
తెల్ల ఏనుగు వెళ్ళింది, బెస్తల వల వెళ్ళింది.
రెండో తిరుగుడులో మాను చివర ఊగి
పూజారి గోడకి ఎదురయ్యాడు.
కింద వీధంతా తలలెత్తి ఉంది గానీ
ఆ ఎత్తులో ఉన్నది వాళ్ళిద్దరే.
విసనకర్ర ఒక్క క్షణం ఆగిందంటాడు చిన్నప్పన్న.
నా మంచి కంట్లో అప్పుడే చెమట పడింది.

ఎవరో విసిరిన అరటిపండు గురి తప్పి
పశువు కొమ్ముల మధ్య చితికింది.

తెల్లారి "తుడిచేయండి" అన్నాడు హేమసుందర్.
గుడ్డ తడిపి నిచ్చెనెక్కాను.
కాకి తింటోంది.
నేను వేసినవి రెండూ
భుజాల మీదే ఉన్నాయి.
ఇది మూడోది.
గుడ్డ పిండుకుని దిగొచ్చేశాను.